కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మరీ ఎక్కువయ్యే జబ్బు), షుగర్ రెండూ ఉన్న కుక్కను పెంచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది తిరుపతి. మా పదకొండేళ్ల పామరేనియన్ బుజ్జికి ఏడాదిగా షుగర్. రోజూ రెండుపూటలా తిండి పెట్టి ఇన్సులిన్ వేస్తున్నా షుగర్ 400 నుంచి కిందికి దిగేది కాదు, నీళ్లు గిన్నెలకు గిన్నెలు తాగేది, పొట్ట కుండలా ఉబ్బి వీపు మీద బొచ్చంతా ఊడింది. ఏసీటీహెచ్ అనే హార్మోన్ టెస్టులో కుషింగ్స్ అని తేలింది. కార్టిసాల్ ఎక్కువైతే ఇన్సులిన్ సరిగా పనిచేయదట, మాకేం తెలుసు, ఇన్నాళ్లూ మా తిండి వల్లేననుకున్నాం.

పోయిన వారం కార్టిసాల్ తగ్గించే ట్రైలోస్టేన్ మందు మొదలుపెట్టాం. ఇప్పుడు టెన్షన్ తిరగబడింది, షుగర్ మరీ పడిపోతుందేమోనని. నిన్న రాత్రి కాళ్లు తడబడ్డాయి, మీటర్‌లో 52! చిగుళ్లకు తేనె రాస్తే తేరుకుంది, డాక్టరుగారు ఫోన్లోనే ఇన్సులిన్ తగ్గించారు. మందు కుదురుకునేదాకా మీరు ఎన్ని గంటలకోసారి షుగర్ చూసేవారు? చెవి అంచున గుచ్చితే అరుస్తోంది, ఇంకెక్కడ గుచ్చొచ్చు? సోమవారం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, ఏమేం అడగాలో కూడా చెప్పండి.