గజమాలలు, పాలాభిషేకాలు, కాళ్ల మీద పడటాలు – అభ్యర్థి ఆపాలా, ఊరుకోవాలా?

కొర్లగుంట
పార్టీల గొడవ వద్దు, ముందే చెప్తున్నా. మన తిరుపతిలో కాస్త జనాదరణ ఉన్న నాయకుడు ఎవరైనా రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగితే చాలు, ఊళ్లోకి వచ్చేలోపు సెంటరుకో క్రేన్, క్రేన్‌కో గజమాల. ఫ్లెక్సీకి పాలాభిషేకం, కారు బానెట్ మీద గుమ్మడికాయ దిష్టి, డోరు తీస్తే కాళ్ల మీద పడేవాళ్లు. వద్దంటే కార్యకర్త నొచ్చుకుంటాడు, ఊరుకుంటే శ్రుతి మించుతుంది. మరి అభ్యర్థి చేయగలిగిందేమిటి? నీతులు అక్కర్లేదు, పద్ధతి తెలిసినోళ్లు చెప్పండి.

గ్రీమ్స్‌పేట
నా ఓటు ఊరుకోవడానికే. ఎన్నికల్లో సగం ఓటర్లు గాలి ఎటు వీస్తోందో చూస్తారు. ఆ గాలి కంటికి కనిపించేది ఈ మాలల్లోనే, ఈ బైకు ర్యాలీల్లోనే. 1982 మార్చిలో పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు చైతన్యరథం మీద తిరిగిన ఎన్టీఆర్‌కు ఆడవాళ్లు రోడ్ల మీద హారతులు పట్టారు. 1983 జనవరిలో 200కు పైగా సీట్లు వచ్చాయి, మన తిరుపతిలో ఆయనే గెలిచాడు. అప్పుడెవరైనా "అమ్మా హారతి వద్దు" అని ఉంటే ఏమయ్యేది? ఇంకోటి, ఇంటి నుంచి డబ్బు పెట్టి మాల తెచ్చినోణ్ణి పదిమందిలో వద్దంటే వాడు పోలింగ్ రోజు ఇంట్లో పడుకుంటాడప్పా.

పాతకాపు
1983 చెప్పి ఆగిపోతే ఎట్లా సామీ? 1989కి రా. అదే ఎన్టీఆర్, అదే హారతులు. కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయాడు, ప్రభుత్వమూ పోయింది. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పెట్టింది మన ఊళ్లోనే, ఆ జనాన్ని చూసినవాళ్లెవరూ మరిచిపోరు. 2009లో 294కి 18 సీట్లు. ఆయన తిరుపతిలో గెలిచాడు, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడాడు. జనం అబద్ధమని కాదు నేననేది, జనాన్ని చూసి లెక్క వేసుకోలేం అని. మాల వేసేవాడు ఎట్లాగూ మనకే వేస్తాడు. వేయనివాడు ఏమనుకుంటున్నాడో ఆ డప్పుల్లో వినపడదు.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1937లో నెహ్రూ "చాణక్య" అనే మారుపేరుతో తన మీద తానే వ్యాసం రాసుకున్నాడు, ఈ జైజైకారాలు ఈ మనిషిని నియంతను చేయగలవు జాగ్రత్త అని. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఇంకా సూటిగా చెప్పాడు: మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి. ఆయన విగ్రహానికి పాలు పోసేవాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

లెక్కల పుస్తకం
భక్తి, పతనం పక్కన పెట్టి రూపాయల్లోకి రండి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు. గజమాల, హైడ్రా క్రేన్, బాణసంచా, డప్పులు, డీజే, కండువాలు – వీటికి జిల్లా ఎన్నికల అధికారి ముందే రేట్ల పట్టిక ఇస్తారు. మీరు బేరమాడి తక్కువకు తెచ్చినా, ఎవరో ఉచితంగా ఇచ్చినా, పట్టికలో ఉన్న రేటే పడుతుంది. వీడియో నిఘా బృందం ర్యాలీ మొత్తం తీస్తుంది. ఆ వీడియో చూసేవాళ్లు కుర్చీలు, జెండాలు, వాహనాలు లెక్కపెట్టి షాడో రిజిస్టరులో, అంటే మన ఖర్చుకు అధికారులు విడిగా రాసుకునే పుస్తకంలో, రాస్తారు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు మన పుస్తకాన్ని ఆ రిజిస్టరు పక్కన పెట్టి చూస్తారు.

ఉదాహరణకు మాల, క్రేన్ అద్దె కలిపి 30 వేలు అనుకోండి. రోజుకు నాలుగు సెంటర్లు, 12 రోజులు. 14 లక్షల 40 వేలు. పరిమితిలో మూడో వంతుకు పైనే పూలకు పోయింది. ఇక కరపత్రాలకు, వాహనాలకు, ఏజెంట్ల భోజనాలకు ఏం మిగులుతుంది? ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోయినా, పద్ధతి ప్రకారం ఇవ్వకపోయినా మూడేళ్ల అనర్హత పడవచ్చు. గెలిచినోడికి అసలు భయం, గెలుపు చెల్లదని కోర్టులో వేసే ఎన్నికల పిటిషన్. ఓడినోడి లాయరు మొదట అడిగేది ఆ క్రేన్ వీడియోలే.

గ్రీమ్స్‌పేట
అన్నా, క్రేన్ పెట్టింది వార్డు కుర్రోళ్లు. అభ్యర్థి జేబులో నుంచి పైసా పోలేదు. వాళ్ల ఉబలాటానికి ఆయన లెక్కలో ఎందుకు రాస్తారు?

లెక్కల పుస్తకం
చట్టం అడిగేది జేబు ఎవరిదని కాదు. అభ్యర్థి గానీ ఆయన ఎన్నికల ఏజెంటు గానీ పెట్టినదీ, పెట్టమన్నదీ రెండూ లెక్కలోకి వస్తాయి. కారు ఆపి, పైకెక్కి, మెడ వంచి మాల వేయించుకుని, చెయ్యి ఊపాక "నాకు తెలియదు" అంటే నమ్మేదెవరు?

తప్పించుకునే దారి ఒకటుంది, కానీ ముందే నడవాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం సభలకో ప్రకటనలకో ఖర్చు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం, 10 వేల దాకా జరిమానా. కాబట్టి నామినేషన్ రోజే ఒక లేఖ తయారు చేయాలి: ఫలానా ఇద్దరి సంతకం లేనిదే నా పేరున ఏ ఖర్చూ పెట్టకండి అని. ఒక కాపీ రిటర్నింగ్ అధికారికి, మిగతావి వార్డు ఇన్‌ఛార్జులందరికీ, సంతకం తీసుకుని. ఫ్లెక్సీలకు ఇంకో మెలిక ఉంది. ప్రింటరు పేరు, ప్రచురణకర్త పేరు లేకుండా పోస్టరు వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఆరు నెలల దాకా జైలు. "మీ అభిమానులు" అని మాత్రమే వేసిన ఫ్లెక్సీ ఉందే, పట్టుబడేది అదే.

లేఖ ఇచ్చి మళ్లీ ఆ మాలలే మెడలో వేసుకుంటే అది చిత్తు కాగితం, ముందే చెప్తున్నా.

తాడు పార్టీ
డబ్బుల కన్నా ముందు ప్రాణాలు. 2020 సెప్టెంబర్‌లో మన కుప్పం పక్కన శాంతిపురంలో ఏం జరిగిందో గుర్తుందా? పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు 25 అడుగుల ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కుర్రోళ్లు కరెంటు తగిలి చనిపోయారు. లెక్క చూడండి. రోడ్డు దాటే 11 కేవీ తీగకు నేల నుంచి ఉండాల్సిన కనీస ఎత్తు 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు. 25 అడుగుల ఫ్రేము నిలబెట్టేటప్పుడు ఒక పక్కకు ఒరిగితే చాలు. ఇనుప ఫ్రేమైతే చెప్పనక్కర్లేదు, వానకు తడిసిన కర్రయినా అంతే. 15 అడుగులు దాటిన కటౌట్ కట్టకూడదని అభ్యర్థి ఆఫీసు నుంచే మాట పోవాలి. కట్టేది పగలు, లైన్‌మన్‌కు చెప్పాకే.

క్రేన్ సంగతి. గజమాల లోపల మోకు, వెదురు బద్దలు ఉంటాయి. పూలు తడిపి తెస్తారు కాబట్టి బరువు ఇంకా పెరుగుతుంది. కొక్కేనికి వేలాడే బరువు కింద మనిషి నిలబడకూడదు, ఏ ఫ్యాక్టరీలో అయినా మొదటి రోజు చెప్పే మాట ఇది. మనం అదే బరువు కింద అభ్యర్థిని నిలబెట్టి, చుట్టూ మూడొందల మందిని చేర్చి, డ్రైవరుకు ఎదురుగా పేపర్ బ్లాస్ట్ కొడతాం!

జనం లెక్క. చదరపు మీటరుకు నలుగురు దాటితే కదలడం కష్టం. ఆరుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను ఉండడు, జనం ఎటు ఊగితే అటే. 12 మీటర్ల రోడ్డు, వంద మీటర్ల పొడవు అనుకుంటే 1200 చదరపు మీటర్లు, 4800 మంది. రోడ్‌షో సగం రోడ్డుకు మించకూడదన్న ఎన్నికల సంఘం మాట పాటిస్తే 2400. మన వీధుల్లో ఆ సగంలోనే బండ్లు, తోపుడు బండ్లు, ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఉంటాయి, అవీ తీసేయండి. కాన్వాయ్‌లో సెక్యూరిటీవి కాక పది వాహనాలే. ఇంకా ఉంటే విడగొట్టి, మధ్యలో ఖాళీ వదిలి పంపాలి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్న అలిపిరి రోడ్డులో అసలు పెట్టుకోకూడదు, అంబులెన్సు ఇరుక్కుంటే జవాబు చెప్పుకోలేం.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆలస్యం. 2025 సెప్టెంబర్ 27న కరూర్‌లో తమిళ నటుడు విజయ్ సభకు జనం ఎండలో గంటల తరబడి కాచుకుని ఉన్నారు, 41 మంది చనిపోయారు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఎనిమిది మంది. పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా నిలబడ్డ మనిషి, నాయకుడి బండి కనిపించగానే ముందుకు తోసుకుంటాడు. ఆలస్యం ఎందుకవుతుంది? 12 సెంటర్లు, మాలకు 8 నిమిషాలు, మొత్తం 96 నిమిషాలు. చివరి సెంటరులో ఉన్న ముసలాయన దాదాపు గంటన్నర అదనంగా నిలబడేది ముందు సెంటర్ల మాలల కోసమే.

బండి చుట్టూ తాడు పట్టుకునే వాళ్లు ముందు చక్రాల దగ్గరే ఎక్కువ ఉండాలి. సెల్ఫీ కోసం పక్కన పరిగెత్తేవాడు పడేది అక్కడే. బండి నడక వేగం దాటకూడదు. పైనుంచి కండువా గానీ చాక్లెట్ గానీ నీళ్ల బాటిల్ గానీ విసరకూడదు, వంగినవాడు లేవలేడు. అభ్యర్థి ఉంగరాలు, వాచీ తీసేసి ఎక్కాలి. ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే. చెయ్యి కిందికి చాచకుండా నమస్కారం పెడితే ఎవరూ లాగలేరు.

గ్రీమ్స్‌పేట
క్రేన్ మాట ఒప్పుకుంటా. అయినా మైకులో "వద్దు వద్దు" అని చెప్పిన నాయకులెందరు లేరు? విన్నదెవరు? "మా అన్నది ఎంత మంచి మనసు" అని మర్నాడు ఇంకో రెండు తెస్తారు.

పాతకాపు
అక్కడే అసలు విషయం పట్టుకున్నావు. వినరు, ఎందుకంటే ఆ మాల అభ్యర్థి కోసం కాదు. ఫ్లెక్సీని దగ్గరికెళ్లి చూడు. పైన అధినేత, మధ్యలో అభ్యర్థి, కింద వరసలో వార్డు నాయకుడూ వాడి పదిమంది తపాలాబిళ్ల ఫొటోలు. ఎవడి తల పెద్దది, ఎవడిది అంచుకు పోయింది అని రాత్రి ప్రింటింగ్ షాపులో జరిగే పంచాయితీ నీకు తెలియంది కాదు. రేపు కార్పొరేటర్ టికెట్ అడగడానికి వాడికి కావలసింది నాయకుడి పక్కన ఒక ఫొటో, మైకులో ఒకసారి పేరు. మాల దానికి పెట్టుబడి. పెద్ద మాలకు పెద్ద ఫొటో దొరికినంత కాలం ఎన్ని వద్దులు చెప్పినా పనికిరావు.

కాబట్టి ఆపాల్సింది మాలను కాదు, దానికి దొరికే ప్రతిఫలాన్ని. క్రేన్ ఉన్న చోట బండి ఆగదు. ఒక్క చోట ఆగినా పథకం పోయినట్టే, కాబట్టి మొదటి రోజు మొదటి సెంటరులోనే, అదీ అభ్యర్థికి బాగా దగ్గరివాడు పెట్టిన క్రేన్ దగ్గరే ఆగకుండా పోవాలి. ఆ వార్త సాయంత్రానికి అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, వేరే ప్రకటన అక్కర్లేదు. మైకులో పేరు, బండి మీద చోటు ఎవరికి? తన బూత్‌లో ఓటరు జాబితా ఇంటింటికీ సరిచూసి, చనిపోయినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు ఎవరో రాసుకొచ్చినోడికి. పేర్ల చీటీ ముందు రోజు రాత్రే ఆఫీసులో ఖాయం కావాలి, బండి దగ్గర కాదు.

కొర్లగుంటా, కార్యకర్త నొచ్చుకోవడం గురించి అడిగావు. ఉత్త చేతులతో పంపితే నొచ్చుకుంటాడు, ఇంకేదైనా చేయమంటే నొచ్చుకోడు. తమిళనాడులో స్టాలిన్ శాలువాలు, మాలలు వద్దు పుస్తకాలు తెండి అన్నాడు, తెచ్చారు. కాళ్ల మీద పడటానికి మన నారావారిపల్లె ఆయన 2024 జూలైలో చెప్పిన చిట్కా బాగుంది: నా కాళ్లు మొక్కితే నేనూ మీ కాళ్లు మొక్కుతా అన్నాడు. పెద్దాయన వంగుతాడేమో అన్న భయానికైనా ఆగుతారు. ఆ మాట అన్నాక ఒకసారి నిజంగా వంగితేనే పని చేస్తుందనుకోండి.

పూలకొట్టు
అందరూ కలిసి మాల మీద పడ్డారు. కుప్పం, వి.కోట పక్క బంతి, చామంతి వేసుకున్న రైతుకు ఎన్నికలే పండగ. దానికేం చెప్తారు?

లెక్కల పుస్తకం
న్యాయమైన ప్రశ్నే. పూలు మానమని ఎవరూ అనలేదు, క్రేన్ మానమన్నాం. రెండు మూరల మాల చేతికి తీసుకుని, తెచ్చినవాళ్లింట్లో పెద్దావిడ మెడలో తిరిగి వేస్తే ఖర్చు తక్కువ, ఫొటో ఇంకా బాగుంటుంది. చామంతి కాస్త ఎక్కువ కొనండి, హైడ్రా వాడికి తగ్గించండి.

తాడు పార్టీ
పాలకూ అంతే. అభిషేకానికి క్యానులు తెచ్చేవాళ్లను వద్దని తిట్టేకన్నా ఎండకు నిలబడ్డ జనానికి మజ్జిగ పోయమనండి. కానీ దాన్నీ లెక్కలో రాయించండి, లేకపోతే ఓటర్లకు పంచారని అవతలివాళ్లు ఫిర్యాదు పెడతారు.

కొర్లగుంట
ఇంకా రెండు ఉన్నాయి. బిడ్డను తెచ్చి పేరు పెట్టమంటారు. ఇంకోటి, నామినేషన్ ముందు తిరుమల కొండకు పోతే అక్కడా వెనకాల జై కొడతారు.

లెక్కల పుస్తకం
ప్రచారంలో పిల్లలను వాడకూడదని 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం గట్టిగా చెప్పింది. చేతుల్లో ఎత్తుకోవడం, బండి మీద కూర్చోబెట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. అమ్మానాన్నలతో వచ్చిన బిడ్డ పక్కన ఉన్నంత మాత్రాన తప్పు లేదు. కాబట్టి బిడ్డ తల్లి చేతుల్లోనే ఉండాలి, అభ్యర్థి చెవిలో పేరు చెప్పి ముందుకు కదలాలి. పార్టీ కండువా బిడ్డ మెడలో వేయనివ్వకండి.

పాతకాపు
కొండకు ఇంటి మనుషులతో తప్ప పోకూడదు. కార్యకర్తలను అలిపిరి కిందే ఆపాలి, కండువాలు కారులోనే వదిలేయాలి. దర్శనం అయ్యాక గుడి ముందు రాజకీయం మాట్లాడొద్దని టీటీడీ బోర్డు 2024 నవంబర్‌లోనే తీర్మానించింది, మైకులు ముందుకొచ్చినా గోవిందా అని నడవడమే. అయినా కొండ మీద పూలన్నీ స్వామివే, మనుషులు తలలో కూడా పెట్టుకోరు. అక్కడ ఎవడన్నా మాల తెచ్చాడంటే వాణ్ణి ఈ ఊరోడు అనుకోను.

గ్రీమ్స్‌పేట
సరే, క్రేన్లు తీసేద్దాం. బైకు ర్యాలీ మాత్రం వదలను. దానికి వేరే చర్చ పెట్టండి, సైలెన్సర్లు పీకిన బండ్ల గురించి నేనే మొదలుపెడతా.