పర్సు ‘రాబ్’ కాదు, మనిషే ‘రాబ్’ అవుతాడు

ప్రశ్న: ఊరెళ్లొచ్చేసరికి ఇంట్లో దొంగలు పడ్డారనుకోండి, దాన్ని ఇంగ్లీషులో రాబరీ అనొచ్చా? థెఫ్ట్ అనాలా, బర్గ్లరీ అనాలా? మనకైతే అన్నీ దొంగతనాలేగా!

జవాబు: రాబరీ అనకూడదండీ. ఎవరూ లేని ఇంట్లో రాబరీ జరగదు. దానికి ఎదురుగా మనిషి ఉండాలి, అతన్ని కొట్టడమో బెదిరించడమో కదలకుండా పట్టుకోవడమో జరగాలి. బస్సులో తెలియకుండా జేబు కొట్టేస్తే థెఫ్ట్, అదే పర్సు కత్తి చూపించి లాక్కుంటే రాబరీ. పోయిన సొమ్ము ఒకటే అయినా శిక్ష ఒకటి కాదు. మన చట్టంలో మామూలు థెఫ్ట్‌కి 3 ఏళ్ల దాకా, రాబరీకి 10 ఏళ్ల దాకా జైలు. కలిసి దోచినవాళ్లు నలుగురైతే రాబరీయే, ఐదోవాడు చేరాడా, డెకాయిటీ. మన బందిపోటు దొంగతనం అన్నమాట.

మీరడిగినది బర్గ్లరీ. అందులో అసలు సంగతి చొరబడటం. ఇంగ్లండులో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ ప్రకారం, దొంగిలించే ఉద్దేశంతో పరాయి ఇంట్లోకి అక్రమంగా అడుగుపెడితే చాలు. బీరువా ఖాళీగా ఉండి ఉత్త చేతులతో పోయినా బర్గ్లరీయే. మన 1860 నాటి శిక్షాస్మృతి దీనికి హౌస్ బ్రేకింగ్ అని పేరు పెట్టింది. 445వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ చూస్తే నవ్వొస్తుంది: ఇంటి గోడకి కన్నం పెట్టి అందులోంచి చెయ్యి దూర్చినవాడు! అచ్చంగా మన కన్నపు దొంగే. ‘బర్గ్లరీ’కి తెలుగులో ఏమంటారని నిఘంటువులు తిరగేసేవాళ్లు ‘కన్నం వేయడం’ ఎందుకు మరిచిపోతారో నాకర్థం కాదు.

క్రియల దగ్గర ఇంకో చిక్కుంది. ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అని చాలామంది రాస్తారు. పోయిన వస్తువుకి ‘స్టోలెన్’ అనాలి. ‘రాబ్డ్’ అయ్యేది మనిషో, బ్యాంకో, దుకాణమో. తెలుగులో ‘ప్రయాణికుల్ని దోచారు’, ‘నగలు దోచారు’ రెండూ చక్కగా కుదురుతాయి కదా, ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వస్తుంది.

మరొకరు: మరి మెడలో గొలుసు తెంపుకుపోతే? పేపర్లో ఎప్పుడూ ‘చైన్ స్నాచింగ్’ అనే రాస్తారు.

జవాబు: మంచి ప్రశ్న. అది థెఫ్ట్‌కీ రాబరీకీ సరిహద్దులో ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో స్నాచింగ్‌కి వేరే సెక్షనే లేదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో దాన్ని విడిగా పెట్టింది, అదీ థెఫ్ట్‌లో ఒక రకంగానే. గొలుసు కోసం ఆవిడని కొట్టి గాయపరిస్తే మాత్రం రాబరీ కిందికి పోతుంది.