“వ్యాధి పురోగతి” అనవచ్చునా?

ప్రశ్న:
మా మేనత్తగారు క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నారు. ఆసుపత్రివారు ఇచ్చిన తెలుగు కరపత్రంలో “వ్యాధి పురోగతి కనిపిస్తే మందు మారుస్తారు” అని ఉంది. అది చదివి ఆమె “పురోగతి ఉంటే ఆ మందే కొనసాగించాలి కదా, మార్చడమెందుకు?” అని అడిగారు. ఇంగ్లీషు ప్రతి చేతిలో ఉండబట్టి నాకు సంగతి అర్థమైంది కాని, లేకుంటే నేనూ సంతోషించేవాణ్ణే. ఈ మాటకు, అలాగే చికిత్స వల్ల వ్యాధి వెనకడుగు వేయడాన్ని చెప్పే రెమిషన్ అనే మాటకు తగిన తెలుగు ఏమిటో తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

జవాబు:
మీ అత్తగారు తెలుగు తెలిసిన మనిషి కనుకనే ఆ ప్రశ్న వేశారు. ఇంగ్లీషులో ప్రోగ్రెషన్ అంటే ముందుకు సాగడం మాత్రమే. సాగేది రోగమైతే అది కీడు. మన పురోగతి అటువంటిది కాదు. చదువులో పురోగతి అంటాము, ప్రాజెక్టు పనుల పురోగతి అంటాము, దొంగతనాల పురోగతి అని ఎవరమూ అనము. ధాతువును బట్టి చూస్తే అనువాదకుడిది తప్పు కాకపోవచ్చు. చెవికి మాత్రం అది శుభవార్తగానే వినబడుతుంది.

రోగం ముదిరింది అనే మాట మనకు ఉండనే ఉంది. కాయ ముదిరినట్టు, తగవు ముదిరినట్టు రోగమూ ముదురుతుంది. అయితే స్కాన్ రిపోర్టులోని ప్రోగ్రెసివ్ డిసీజ్‌కు ఆ మాట కూడా సరిపోదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ వైద్యులు చెబుతున్నది ఒక కొలత. 2000లో వెలువడి 2009లో సవరణ పొందిన, గడ్డల కొలతను బట్టి చికిత్స ఫలితాన్ని తేల్చే రెసిస్ట్ పద్ధతిలో, ఎంచుకున్న గడ్డల కొలతలను కూడగా వచ్చిన మొత్తం అంతవరకు నమోదైన అతి తక్కువ మొత్తం కంటే 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగినా, లేక కొత్త గడ్డ కనబడినా ప్రోగ్రెసివ్ డిసీజ్ అని పేరు పెడతారు. చికిత్సకు ముందున్న కొలతతో పోల్చి 30 శాతమైనా తగ్గితే పార్షియల్ రెస్పాన్స్, అంటే మందుకు కొంత లొంగినట్టు, అంటారు. ఇటూ అటూ కాకపోతే స్టేబుల్ డిసీజ్. కాబట్టి “వ్యాధి పెరిగింది” అంటే చాలు. ముదిరిన అనే విశేషణాన్ని అడ్వాన్స్‌డ్ అనేదానికి అట్టిపెట్టుకోవచ్చు.

స్టేబుల్ గురించి ఒక హెచ్చరిక. పత్రికల్లో “ఆయన ఆరోగ్యం నిలకడగా ఉంది” అని చదివితే ప్రాణాపాయం లేదని ఊరట పడతాము. రిపోర్టులోని నిలకడ గడ్డది, మనిషిది కాదు.

రెమిషన్‌కు నేను “తగ్గుముఖం” అంటాను. “నయమైంది” అనడం మాత్రం పొరపాటు. ఈ మాటకు మన వాడొకరితో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించినప్పుడు, వ్యాసం పేరులోనే రెమిషన్లకు ముందు “తాత్కాలిక” అనే విశేషణం చేర్చాడు. తగ్గినది మళ్ళీ రావచ్చునన్న జాగ్రత్త ఆ మాట వాడుకలో మొదటినుంచీ ఉంది. అలా మళ్ళీ రావడానికి “తిరగబెట్టడం” కంటే మంచి మాట నాకు తోచదు. జ్వరం తిరగబెట్టిందంటే అర్థం కాని ఇల్లు లేదు.

మరొక సభ్యురాలు:
పురోగతి విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను కాని తగ్గుముఖంతో నాకు పేచీ ఉంది. గోదావరి వరద తగ్గుముఖం పట్టిందంటే నీరు ఇంకా ఊళ్ళోనే ఉన్నట్టు. కంప్లీట్ రెమిషన్‌లో పరీక్షలకు వ్యాధి ఎక్కడా చిక్కదు. అప్పుడు కూడా తగ్గుముఖం అంటే రోగిని అనవసరంగా భయపెట్టినట్టవుతుంది. అలాగని రేడియేషన్‌ను “కరెంటు పెట్టడం” అనేవారిని నేను సరిదిద్దను. ఒంట్లోకి కరెంటు పోకపోయినా ఆ మాట వల్ల ఎవరూ మోసపోరు. మోసం చేసేవి పాజిటివ్ వంటి మాటలు. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో లింఫ్ నోడ్ (శోషరస గ్రంథి) పాజిటివ్ అంటే వ్యాధి అక్కడికి పాకిందని అర్థం. అదే కాగితం మీద ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ను అందుకునే కణభాగం) పాజిటివ్ అంటే హార్మోన్ మందులు పనిచేసే వీలుందని. ఒకటి చెడు, ఒకటి కొంత ఊరట. రెండింటికీ “సానుకూలం” అని రాసిన అనువాదాన్ని నేను చూశాను.

మొదటి జవాబు రాసిన సభ్యుడు:
వరద పోలిక న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. పాక్షికమైనదానికి తగ్గుముఖాన్ని ఉంచి, పూర్తిదానికి “పరీక్షల్లో వ్యాధి జాడ కనబడలేదు” అందాము. జాడ కనబడలేదనడంలో మనిషి లేడని కాదు, దొరకలేదని మాత్రమే అన్న అర్థం మన భాషలో ముందే ఉంది. పాజిటివ్‌కు ఒకే మాట వెతకడం మానేసి, నోడ్ దగ్గర “పాకింది” అని, రిసెప్టర్ దగ్గర “ఉంది” అని రాయడం మేలు.

ప్రశ్న వేసిన సభ్యుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కరపత్రంలోని వాక్యాన్ని ఇలా మార్చమని ఆసుపత్రివారికి రాస్తున్నాను: “స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు గాని, కొత్త గడ్డ వచ్చినట్టు గాని తేలితే మందు మారుస్తారు.” అత్తగారికి చదివి వినిపించాను, ఈసారి ఆమె మందు గురించి కాక, తరువాతి స్కాన్ ఎప్పుడని అడిగారు.