ఆర్కెస్ట్రా ఉద్యోగమా, నలుగురి క్వార్టెట్టా? అమ్మాయికి ఏం చెప్పాలి?

ఎడిసన్_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ మేలో వయోలాలో మాస్టర్స్ పూర్తవుతుంది. వయోలా అంటే వయొలిన్ కంటే కాస్త పెద్దది, శ్రుతి కిందికి ఉంటుంది. క్లాసులో ఇంకో ముగ్గురితో కలిసి స్ట్రింగ్ క్వార్టెట్ ఒకటి పెట్టింది. అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, వాటికంటే పెద్దదైన చెల్లో ఒకటి. వాయించేది బేతోవెన్ కాదు. ఇప్పుడు బతికున్న స్వరకర్తలతో కొత్తగా రాయించుకుని వాయిస్తారట. ఆర్కెస్ట్రా ఆడిషన్లకు వెళ్ళను, ఇదే నా కెరీర్ అంటోంది.

న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం మూడేళ్ళలో కనీస జీతం 2,05,000 డాలర్లకు చేరుతుంది. అందరికీ అందులో సీటు రాదని నాకూ తెలుసు. చిన్న ఊరి ఆర్కెస్ట్రా అయినా నెల జీతం అంటూ ఒకటుంటుంది కదా. పోయిన నెల ఈ నలుగురూ ఇచ్చిన కచేరీ డబ్బు పెట్రోలుకీ హోటల్‌కీ సరిపోయింది. సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్ళు చెప్పండి. ఇది కెరీరా, ఖరీదైన సరదానా?

గోంగూర_గాడు
అన్నా, కోడింగ్ నేర్పించు అందామనుకున్నా. అక్కడా లేఆఫ్‌లే.

మృదంగం_బెజవాడ
బాబూ, అమ్మాయిని ఆపకండి.

నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా మృదంగం వాయిస్తున్నాను. పోస్టర్ మీద గాయకుడి పేరు అర అడుగు, మా పేర్లు కింద అగ్గిపుల్లంత. ఒక సభలో (పేరెందుకులెండి) పల్లవి అయ్యేసరికి తొమ్మిదింబావు అయింది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) కోసం నెల్లాళ్ళు కూర్చుని ఒక ముక్తాయింపు, అంటే ముగింపు లయ అల్లిక, కట్టుకుని వెళ్ళాను. గాయకుడు నా వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించారు. రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) కాబోలు, వాటి తర్వాత మళ్ళీ నాకే వదులుతారేమో అనుకున్నా. రెండు నిమిషాలట! వయొలిన్ ఆయనా నేనూ కవర్లు ఆటోలో విప్పి చూసుకున్నాం. ఇద్దరివీ కలిపినా గాయకుడికిచ్చిన దాంట్లో నాలుగో వంతు లేదు.

ఇప్పుడు శక్తి బృందం చూడండి. 1970లలో గిటార్ జాన్ మెక్లాగ్లిన్, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరాం. ఘటం మన కచేరీల్లో ఉపపక్కవాద్యం. అంటే పక్కవాద్యానికి కూడా పక్కన. అక్కడ మాత్రం నలుగురిలో ఒకరు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కూడా తర్వాత అదే బృందం మళ్ళీ మొదలైనప్పుడు, రిమెంబర్ శక్తి అనే పేరుతో, అందులో వాయించాడు. నలుగురూ సరిసమానంగా కూర్చునే చోటు మీ పిల్లకి ఇరవై ఏళ్ళు దాటగానే దొరికితే, జీతం తక్కువని వద్దంటారా?

ఎడిసన్_నాన్న
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ జాకిర్ హుస్సేన్ శక్తి మీదే బతకలేదు కదా. ఆయనకి ఎన్ని సోలో కచేరీలు! మా అమ్మాయికి ఈ క్వార్టెట్ తప్ప ఇంకేమీ లేదు.

చెల్లో_ఫ్రాంక్‌ఫర్ట్
నాది ఇదే వృత్తి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అన్ని బృందాలూ ఒకలా ఉండవు. మా ఊళ్ళో కొత్త సంగీతం వాయించే ఎన్సెంబుల్ మోడర్న్ అనే బృందం ఉంది, 1980లో మొదలైంది. దానికి ఆర్టిస్టిక్ డైరెక్టర్ అంటూ ఎవరూ లేరు. వాయించేవాళ్ళే భాగస్వాములు. ఏ ప్రాజెక్టు చేయాలి, ఎవరిని పిలవాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి అన్నవి కూర్చుని తేల్చుకుంటారు. పారిస్‌లో స్వరకర్త పియర్ బూలెజ్ 1976లో పెట్టిన ఎన్సెంబుల్ ఎంతెర్‌కొంతంపొరేన్‌ది ఇంకో పద్ధతి. 31 మంది, అందరూ నెల జీతం మీద పనిచేసేవాళ్ళే. వెనక ప్రభుత్వం డబ్బుంది.

అమెరికాలో అది లేదు. అక్కడ దాతలు, గ్రాంట్లు, ఏదో ఒక యూనివర్సిటీలో రెసిడెన్సీ, అంటే అక్కడే ఉండి వాయిస్తూ పాఠాలు చెప్పే కొలువు. రెసిడెన్సీ దొరికితే ఆరోగ్య బీమా దొరికినట్టు. లేకపోతే నలుగురూ నాలుగు చోట్ల పాఠాలు చెప్పుకుంటూ రాత్రి తొమ్మిదికి రిహార్సల్‌కి కలుస్తారు. నేను ఏ బృందంలోనూ లేను, ఫ్రీలాన్స్. ఈ నెల నా డైరీలో కొత్త సంగీతం కచేరీలు రెండు, పెళ్ళి ఒకటి, మిగతాదంతా పిల్లల పాఠాలే. కాబట్టి "సరిసమానం" అనే మాట వేదిక మీద కాదు, కాగితం మీద ఎక్కడుందో చూడండి.

ఎడిసన్_నాన్న
మేడమ్, నేను చెప్పేదీ అదే. ఈ రంగంలో అందరికంటే పెద్ద పేరు క్రోనోస్ క్వార్టెట్. 1973లో డేవిడ్ హారింగ్టన్ సియాటిల్‌లో పెట్టారు. వాళ్ళ కోసం రాసిన, మార్చి కూర్చిన సంగీతమే వెయ్యి దాటింది. ఆశా భోంస్లేతో ఆర్.డి.బర్మన్ పాటల ఆల్బం కూడా చేశారు. అంత పేరున్న చోట కూడా చెల్లో కుర్చీలో 1978 నుంచి అయిదుగురు మారారు. జోన్ జీన్‌రెనో 1999లో వెళ్ళారు. ఆ తర్వాత జెనిఫర్ కల్ప్, జెఫ్రీ జైగ్లర్, సన్నీ యాంగ్. 2023 నుంచి పాల్ వియాంకో. ఇది స్థిరమైన ఉద్యోగమా?

మృదంగం_బెజవాడ
అయిదుగురు మారలేదు. నలుగురు వెళ్ళారు. అయిదో ఆయన ఉన్నారుగా.

ఎడిసన్_నాన్న
సరే, నలుగురే అనుకుందాం.

మృదంగం_బెజవాడ
అనుకోవడం కాదు. లెక్క తప్పితే తాళం తప్పినట్టే.

ఎడిసన్_నాన్న
1978కి ముందు ఇంకో చెల్లిస్టు ఉన్నారు. కలుపుకోండి, వెళ్ళినవాళ్ళు అయిదుగురే అవుతారు!

మృదంగం_బెజవాడ
మీరే "1978 నుంచి" అన్నారు. పైన అలాగే ఉంది, చూసుకోండి.

గోంగూర_గాడు
ఖండజాతి (అయిదు) చెల్లోనా, చతురశ్రజాతి (నాలుగు) చెల్లోనా తేలేదాకా పాప పెళ్ళీడుకొచ్చేస్తుంది.

చెల్లో_ఫ్రాంక్‌ఫర్ట్
మీరిద్దరూ చెల్లో కుర్చీనే లెక్కపెడుతున్నారు. అమ్మాయి వాయించేది వయోలా! క్రోనోస్‌లో వయోలా హాంక్ డట్, రెండో వయొలిన్ జాన్ షెర్బా. ఇద్దరూ 1970ల చివర్లో చేరి 2024లో తప్పుకున్నారు. నలభై అయిదేళ్ళ పైచిలుకు. మన రేడియో స్టేషన్‌లో జీతం మీద ఉండే నిలయ విద్వాంసుడికి కూడా అంత సర్వీసు ఉండదు.

ఎడిసన్_నాన్న
ఉండనీండి మేడమ్. నలభై అయిదేళ్ళు వాయించిన ఆయన పేరు, మీరు ఇప్పుడు రాసేదాకా ఇక్కడ ఎవరికైనా తెలుసా? క్రోనోస్ అంటే హారింగ్టన్ అనే అంటారు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అయిదో ఏట వయొలిన్ పట్టించాను. ప్రతి శనివారం గంటంపావు డ్రైవింగ్, క్లాసు అయ్యేదాకా కారులోనే లంచ్. పదమూడో ఏట టీచరెవరో చేతులు పొడుగున్నాయి, వయోలాకి బాగుంటుందన్నారు, మారిపోయింది. నాలుగేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ మాస్టర్స్. వాయిద్యం లోన్ నా పేరు మీదే ఉంది, ఇంకా ఆరేళ్ళు కట్టాలి. ఇంత చేస్తే, చివరికి పక్కవాద్యమేనా?

మృదంగం_బెజవాడ
పై పోస్టు మూడుసార్లు చదివాను.

"పక్కవాద్యమేనా" అంటే ఏమిటండీ మీ ఉద్దేశం? రాత్రి నుంచి జీతం, స్థిరమైన ఉద్యోగం అంటూ వచ్చారు. ఇదీ అసలు సంగతి. పిల్ల ముందు కుర్చీలో లేదని మీకు చిన్నతనంగా ఉంది. మా గాయకులు మమ్మల్ని చూసే చూపే మీది కూడా. ఫిడేలు ఒకప్పుడు పక్కవాద్యమేనన్నారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అదే ఫిడేలు పట్టుకుని 1941లో సంగీత కళానిధి అయ్యారు, అది మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే పెద్ద బిరుదు.

విజయనగరం_కుర్రాడు
మాస్టారూ, మా ఊరి గొప్పతనం చెప్పినందుకు థాంక్స్. కానీ ద్వారంవారి పేరు అంతగా నిలిచింది సోలో కచేరీల వల్ల కదా? ఆ ఉదాహరణ నాన్నగారి వైపే వెళ్ళేట్టుంది.

మృదంగం_బెజవాడ
నువ్వు కాసేపు ఊరుకో నాయనా.

ఎడిసన్_నాన్న
చిన్నతనం అన్న మాట వెనక్కి తీసుకోండి. నా కూతురు ఎక్కడ వాయించినా మొదటి వరసలో కూర్చునేవాణ్ణి నేను.

గోంగూర_గాడు
ఒక్క ప్రశ్న మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీ అబ్బాయి మృదంగం వాయిస్తాడా?

మృదంగం_బెజవాడ
వాయించేవాడు. బాగా వాయించేవాడు. ఇంటర్‌లో నేనే మాన్పించాను. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. వాడి మృదంగం ఇక్కడే ఉంది. కుడిమూత మీద నలుపు పెచ్చులూడిపోయింది. మళ్ళీ వేయిద్దామని ఏడాదికోసారి అనుకుంటాను.

మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎడిసన్_నాన్న
మాన్పించినందుకు బాధపడుతున్నారా?

మృదంగం_బెజవాడ
వాడికి ఇల్లుంది, కారుంది. నేను అద్దె ఇంట్లో ఉన్నాను. ఏం చెప్పమంటారు?

చెల్లో_ఫ్రాంక్‌ఫర్ట్
ఇద్దరికీ దండం. పక్కవాద్యం సంగతి ఒక పూటలో తేలదు. నేను కాగితం అన్న మాటకే మళ్ళీ వస్తాను.

అమెరికాలో ఆడుబాన్ అని ఒక క్వార్టెట్ ఉండేది, 1974లో పెట్టారు. 2000లో ముగ్గురు కలిసి మొదటి వయొలిన్ ఆయన్ని తీసేశారు. ఆయన కోర్టుకెళ్ళారు. క్వార్టెట్‌లో ఆయన వాటా కింద ముగ్గురూ ఆరు లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలని తీర్పు వచ్చింది. కట్టలేక దివాలా దాకా వెళ్ళారు, చివరికి వాయిద్యాల మీదికి వచ్చింది. చెల్లో జప్తు అవుతుందంటే నాకైతే చెయ్యి పోయినట్టే. అందుకే అడుగుతున్నా, మీ అమ్మాయి బృందం పేరు ఎవరిది? ఎవరైనా మానేస్తే ఏం జరుగుతుంది? ఎక్కడైనా రాసుకున్నారా?

ఎడిసన్_నాన్న
మూడు పేజీల ఒప్పందం ఉంది. ఆదివారం సంతకాలు. నాకు పీడీఎఫ్ పంపింది, మొదటి పేజీ చదివి మూసేశాను. ఇప్పుడు తెరిచాను. రెండో పేజీలో "పేరు, వెబ్‌సైటు, రాయించుకున్న సంగీతం మీద హక్కులు స్థాపకురాలివే" అని ఉంది. మొదటి వయొలిన్ వాయించే అమ్మాయే అయ్యుంటుంది. ఎవరైనా మానేస్తే వాటా ఏమీ రాదట.

మృదంగం_బెజవాడ
చూశారా! మళ్ళీ అదే పోస్టరు. ఒకరి పేరు అర అడుగు, మిగతావాళ్ళవి అగ్గిపుల్లంత. ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి.

చెల్లో_ఫ్రాంక్‌ఫర్ట్
సంతకం మానేయక్కర్లేదు, అడిగి మార్పించుకోవచ్చు. జబ్బు చేస్తే కుర్చీ ఎన్నాళ్ళు ఉంచుతారో కూడా రాయించండి. ప్రసవానికీ అంతే. ఇరవై నాలుగేళ్ళప్పుడు అది ఎవరికీ తట్టదు.

ఎడిసన్_నాన్న
ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. స్థాపకురాలంటే ఎవరే అని అడిగా. "నేనే నాన్నా" అంది. ముగ్గుర్నీ వెతికి పట్టుకున్నదీ తనే, గ్రాంటుకి దరఖాస్తు రాసిందీ తనేనట. ఆ రెండో పేజీ కూడా తనే రాసిందట.

గోంగూర_గాడు
😂😂😂

విజయనగరం_కుర్రాడు
అంకుల్, మీ పక్కవాద్యం కంపెనీ ఓనరు.

ఎడిసన్_నాన్న
ఏం మాట్లాడాలో తెలియక భోంచేశావా అని అడిగాను.

మృదంగం_బెజవాడ
సంతోషం బాబూ. అయితే మిగతా ముగ్గురి సంగతేమిటి? ఆ వాటా లైను తీసేయమని చెప్పండి అమ్మాయికి. లేదంటే ఈ చర్చ లింకు ఆ ముగ్గురికీ పంపండి, తెలుగు రాకపోతే ఎవరిచేతైనా చదివించుకుంటారు.