దోచినవాణ్ణి క్షమించి వస్తువు తెచ్చుకోవచ్చా? (యుద్ధంలో పోయిన పురావస్తువులు)

కోటిపల్లి రేవు:
ఖార్తూమ్‌లోని సూడాన్ జాతీయ మ్యూజియం ఫొటోలు చూసినప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలైంది. 2025 మార్చిలో సైన్యం మళ్ళీ ఆ ప్రాంతాన్ని చేజిక్కించుకునేసరికి నైలు ఒడ్డున ఉన్న ఆ మ్యూజియంలో గదులు ఊడ్చినట్టున్నాయి.

అడుగుతున్నది ఒక్కటే. యుద్ధం సాగుతుండగా, పోలీసూ కోర్టూ లేని చోట, "తెచ్చి ఇవ్వండి, ఎవరు తీశారని అడగం, కేసు పెట్టం" అనొచ్చా? నా మటుకు అనొచ్చు, అనాలి కూడా. 2003 ఏప్రిల్‌లో, ఇరాక్ మీద అమెరికా యుద్ధం చేస్తున్నప్పుడు, బాగ్దాద్ మ్యూజియంలో 15,000 దాకా వస్తువులు పోయాయి. వెతకడానికి వచ్చిన అమెరికా కల్నల్ మాథ్యూ బోగ్డానోస్ సొంతూళ్ళో ప్రాసిక్యూటరు, నేరగాళ్ళను జైల్లో పెట్టించే వృత్తి ఆయనది. అలాంటివాడే మసీదుల్లో ఇమాముల చేత చెప్పించి, టీ కొట్ల దగ్గర కూర్చుని, ఏమీ అడగం అని మాటిచ్చాడు. అలా తిరిగొచ్చినవి 2,000కు కాస్త తక్కువ. వార్కా కలశం అనే 5,000 ఏళ్ళ నాటి చెక్కడపు రాతి పాత్రను ఆ జూన్‌లో ముగ్గురు మనుషులు కారులో తెచ్చి అప్పజెప్పారు. కేసు భయం ఉంటే తెచ్చేవారా?

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
సగం కథే చెప్పారండి. బాగ్దాద్‌లో జరిగింది ఒక దొంగతనం కాదు, మూడు. గ్యాలరీల్లో పేరున్న వస్తువులు ఏరుకుపోయినవాళ్ళు కొందరు. గిడ్డంగుల్లో చేతికందింది సంచిలో వేసుకున్న చుట్టుపక్కల జనం కొందరు. మూడోవాళ్ళు నేలమాళిగలో ఓ మూలనున్న బీరువాల కోసమే దిగారు. ముద్రలు వేసే పాతకాలపు చిన్న రాళ్ళూ నగలూ అక్కడున్నాయని లోపలివాళ్ళకు తప్ప తెలియదు. పోయిన 15,000లో మూడింట రెండొంతులు ఆ నేలమాళిగవే. మీ క్షమాభిక్షకు కదిలింది ఎక్కువగా రెండో రకం మనుషులు. ఉరుక్ స్త్రీ ముఖం అనే రాతి శిల్పం ఓ తోటలో పాతిపెట్టి ఉంటే పోలీసులు సమాచారం మీద వెళ్ళి తవ్వి తీశారు. బస్సెట్కి విగ్రహం అనే 150 కిలోల రాగి బొమ్మ మురుగు గుంటలో దొరికింది. ఆ రెండూ దాడులు చేస్తే దొరికినవే.

ఇక డబ్బు సంగతి. సిరియాలో ఐసిస్ ఉగ్రవాదులు తవ్వుకోడానికి అనుమతి పత్రాలిచ్చి, అమ్మిన దాంట్లో అయిదో వంతు పన్ను కట్టించుకున్నారు. 2015లో అమెరికా దళాలు వాళ్ళ ఆర్థిక వ్యవహారాలు చూసేవాడి ఇంటి మీద పడితే రసీదు పుస్తకాలు దొరికాయి. అదే ఏడాది ఆగస్టులో అక్కడి ప్రాచీన నగరం పాల్మైరాలో ఖాలెద్ అల్ అసద్ అనే ఎనభై ఏళ్లు దాటిన పురావస్తు పండితుణ్ణి చంపేశారు. మీరిచ్చే ప్రతి రూపాయీ ఎక్కడో తుపాకీలో గుండు అవుతుంది.

ఆత్రేయపురం అమ్మాయి:
మేష్టారూ, ఆయన క్షమించడం గురించి అడిగారు. మీరు కొనడం గురించి చెబుతున్నారు.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
అమ్మా, క్షమించడం మొదటి మెట్టు, బేరం రెండోది. మెట్టెక్కనిచ్చాక ఆపలేరు.

కోటిపల్లి రేవు:
వార్కా కలశం గ్యాలరీలోదే కదండీ. మీ లెక్కలో అది మొదటి రకం. మరి అది క్షమాభిక్ష మీదే వచ్చింది. దానికేమంటారు?

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
ముక్కలుగా వచ్చింది. అది కూడా చెప్పండి.

కోటిపల్లి రేవు:
ఆ కలశం 1933-34లో జర్మన్లు తవ్వి తీసినప్పుడే ముక్కలు. అతికించి నిలబెట్టారు. దొంగలు పీకినప్పుడు మళ్ళీ విడిపోయింది. అందులో క్షమాభిక్ష చేసిన పాపం ఏముంది?

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
పీకినవాడి మీద కేసే లేనప్పుడు ఏ దెబ్బ పాతదో ఏ దెబ్బ కొత్తదో ఎవరు తేలుస్తారు? కింద పాదం విరగ్గొట్టి లాగారు, దానికి శిక్ష లేదు. నేను అడుగుతున్నది అదే.

గోదారి గట్టు:
ఆయ్, కలశం దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. ముందుకు పదండి.

ముమ్మిడివరం అబ్బాయి:
నేను వేరే సంగతి చెప్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాన్న అక్కడ డ్రైవరు. మన కోనసీమ నుంచి ఎంతమంది అక్కడ ఉండేవారో ఇక్కడందరికీ తెలుసు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి వచ్చారు. అప్పుడు అలా తీసుకొచ్చిన మనవాళ్ళు లక్షా డెబ్భై వేల పైమాటే.

అదే సమయంలో కువైట్ జాతీయ మ్యూజియంలో ఉన్న అక్కడి పాలకులైన అల్ సబా వంశం వారి ఇస్లామీ కళాఖండాలను బాగ్దాద్ మ్యూజియం ఉద్యోగులు పెట్టెల్లో సర్ది లారీలకెత్తారు. తర్వాత ఆ భవనం తగలబెట్టారు. 1991 మార్చిలో భద్రతా మండలి 686వ తీర్మానం చేసింది, పట్టుకెళ్ళిన ఆస్తులన్నీ తిరిగి ఇవ్వాలని. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి మనుషుల ఎదుట బాగ్దాద్‌లో పెట్టెలు విప్పి, ఒక్కొక్కటీ జాబితాతో సరిచూసి అప్పజెప్పారు. కొన్ని రాలేదు గానీ చాలామటుకు వచ్చాయి. అక్కడ ఎవరికీ డబ్బివ్వలేదు, ఎవరినీ బతిమాలలేదు. వస్తువుకో కాగితం ఉంది, కాబట్టి వచ్చింది.

మా నాన్న గదిలో ఉన్నదానికి కాగితం లేదు. ఆరు నెలల జీతం బాకీ, అమ్మకి కొన్న గొలుసు, టేప్‌రికార్డరు. యుద్ధ నష్టపరిహారం కింద వెళ్ళిపోయి వచ్చినవాళ్ళకి ఒక స్థిరమైన మొత్తం అన్నారు, ఒక్క మనిషికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో. అది వచ్చింది, కాదనను. చాలా ఏళ్ళకు వచ్చింది, ఫారం నింపినతను తన వాటా కోసుకున్నాక వచ్చింది. గొలుసు ఉండేదని నాన్న చెబితే రుజువేదన్నారు. మీరిద్దరూ క్షమించాలా శిక్షించాలా అంటున్నారు. నేను చెప్పేదేంటంటే, రాసిపెట్టి ఉన్నదే తిరిగొస్తుంది.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
నాన్నగారి కష్టానికి బాధగా ఉంది బాబూ. కానీ చర్చ పురావస్తువుల మీద.

ముమ్మిడివరం అబ్బాయి:
పురావస్తువు పోతే ప్రపంచమంతా తీర్మానం. డ్రైవరు గొలుసు పోతే చర్చకు సంబంధం లేదు. సరేలెండి.

యానాం:
ఆ అబ్బాయి మాట తీసెయ్యకండి మేష్టారూ. ఇంకో ఉదాహరణ నేనిస్తాను. 2022 నవంబరులో రష్యన్లు ఉక్రెయిన్‌లోని ఖెర్సన్ నగరం వదిలిపోతూ అక్కడి కళా మ్యూజియం చిత్రపటాలు తమ చేతిలో ఉన్న క్రిమియాకు తరలించారు. క్రిమియాలోని సింఫెరోపోల్ మ్యూజియంలో దింపిన ఫొటోలు బయటికొస్తే, ఖెర్సన్ ఉద్యోగులు ఇది మాది, ఇది మాది అని గుర్తుపట్టి పేర్లు రాసుకుంటున్నారు. ఆ చిత్రాలింకా రాలేదు. కానీ ఎవరూ మాది కాదనలేరు.

కోటిపల్లి రేవు:
జాబితా మంచిదే, ఎవరు కాదన్నారు? మరి జాబితా లేనివాటి సంగతి? కంబోడియా చూడండి. కోహ్ కేర్‌లో ప్రసాత్ చెన్ అని గుడి. భీమ దుర్యోధనుల గదాయుద్ధం, చుట్టూ బలరాముడు, పాండవులు, పెద్ద పెద్ద రాతి విగ్రహాలు. మన ఊళ్ళలో భారతం చదివించే జనానికి ఇది చెప్పక్కర్లేదు, తొడలు విరిగే ముందు ఘట్టం అది. 1970ల మొదట్లో అంతర్యుద్ధంలో ఆ విగ్రహాలను చీలమండల దగ్గర నరికి, పాదాలు పీఠం మీదే వదిలేసి పట్టుకుపోయారు. దుర్యోధనుడు 2011లో న్యూయార్క్‌లో వేలానికి వచ్చాడు. పీఠం మీద మిగిలిన పాదాలతో సరిపోయింది. 2014లో దుర్యోధనుడు, భీముడు, బలరాముడు ముగ్గురూ ఇంటికి చేరారు. అంతకు ముందు ఏడాదే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రెండు విగ్రహాలు వాపసు ఇచ్చింది.

ఆ తర్వాత అక్కడ ఇంకా ఎన్నో గుళ్ళ సంగతి బయటపెట్టింది ఎవరనుకున్నారు? ఒకప్పటి దొంగే. ముసలితనంలో పరిశోధకుల్ని వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళి, ఇక్కడ తవ్వాం, ఇది ఫలానావాడికి అమ్మాం అని చూపించాడు. అతన్ని జైల్లో పెట్టి ఉంటే ఆ నోరు తెరుచుకునేదా? అలాంటి విగ్రహాలు అమ్మే వ్యాపారి డగ్లస్ లాచ్‌ఫోర్డ్ మీద 2019లో కేసు పెట్టారు, 2020లో అతను పోయాడు. చిన్నవాణ్ణి వదిలితే పెద్దవాడి దాకా వెళ్ళగలిగారు. మేష్టారికి ఇది కనపడదు.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
కనపడింది కాబట్టే చెబుతున్నాను. అతను చెప్పాడు, వివరంగా చెప్పాడు. ఏ గుడి, ఏ గొయ్యి, ఎవరి చేతికి. మీ బాగ్దాద్ పద్ధతిలో ఆ మాటే అడగరు. వస్తువొస్తుంది, దాని జాడ పోతుంది. తవ్విన చోటు తెలియని, రాతలున్న మట్టి ఫలకం చదవగలం గానీ ఎవరి ఇంట్లోదో, ఏ కొలువులోదో ఎప్పటికీ తెలియదు. అమెరికాలో హాబీ లాబీ అనే దుకాణాల సంస్థ ఇరాక్ ఫలకాలను పింగాణీ పలకల నమూనాలని రాయించి తెప్పించుకుంది. 2017లో 30 లక్షల డాలర్లు కట్టింది, మరుసటేడు 3,800 దాకా వస్తువులు ఇరాక్‌కి వాపసు వెళ్ళాయి. ఏ దిబ్బ నుంచి వచ్చాయో చాలావాటికి చెప్పేవాడు లేడు. దీన్ని గెలుపంటారా మీరు?

కోటిపల్లి రేవు:
మీకు జాడ కావాలి. శాసనం చదువుకోడానికి చోటు కావాలి. దేవుడు ఎక్కడున్నా మీకు పరవాలేదు, నోట్సు పూర్తయితే చాలు.

గోదారి గట్టు:
ఆ మాట వద్దండి.

కోటిపల్లి రేవు:
ఎందుకు వద్దు? మా ఊళ్ళో వేణుగోపాలస్వామి ఉత్సవ విగ్రహం పోయినప్పుడు ఈయన మా గుడి మండపంలో కూర్చున్నారు. ఒకడు కబురు పంపాడు, ఇంత ముట్టజెబితే రాత్రికి కాలవగట్టు మీద పెట్టి పోతారని. ఊరంతా చందా వేసుకుంది. మా నాయనమ్మ చెవుల జూకాలు తీసి ఇచ్చింది. దొంగసొత్తుకి బేరమేమిటని ఈయన లేచి స్టేషన్‌లో చెప్పారు. మర్నాటి నుంచి ఆ కబురు తెచ్చినవాడు లేడు, స్వామీ లేడు. నాయనమ్మ పోయేదాకా కొత్త విగ్రహానికి దణ్ణం పెట్టలేదు. మేష్టారూ, నేను బాగ్దాద్ గురించి మాట్లాడేటప్పుడు నాకు గుర్తొచ్చేది అదే.

ఆత్రేయపురం అమ్మాయి:
అయితే ఇన్నాళ్ళ పంతం ఇదన్నమాట.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
కూర్చున్నాను. చెప్పాను. రేపు మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అదే చెబుతాను. మీ ఊరికి ముందు ఇంకో ఊళ్ళో డబ్బిచ్చి విగ్రహం తెచ్చుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండా అదే గుడికి మళ్ళీ కన్నం వేశారు, ఈసారి మూడు విగ్రహాలూ పోయాయి. ఆ పూజారి నా దగ్గర చదువుకున్న కుర్రాడు. అతను ఏడుస్తూ నాకు చెప్పాకే మీ మండపానికి వచ్చాను. మీ నాయనమ్మగారి దుఃఖం నాకు తెలియదనుకోకండి. స్వామి మీ ఊరివాడే. కానీ మీ ఊరు ఇచ్చే డబ్బు పక్క ఊరి స్వామి మీద పడుతుంది. ఆ పక్క ఊరిని ఎవరూ మండపానికి పిలవరు.

కోటిపల్లి రేవు:
పక్క ఊరిని కాపాడ్డం పోలీసుల పని, మా స్వామిని వదులుకోవడం మా పని ఎలా అవుతుంది? పోనీ మనకి వెళ్ళడానికి పోలీసు స్టేషన్ ఉంది. ఖార్తూమ్‌లో ఏ స్టేషన్‌కి వెళ్ళమంటారు? 1990ల్లో కాబూల్ మ్యూజియం దోచేశాక బెగ్రామ్ తవ్వకాల్లో దొరికిన దంతపు చెక్కడాలు లండన్ చేరాయి. రెండు వేల ఏళ్ళ నాటివి, పనితనం మన భారతీయులదేనని చాలామంది పండితుల మాట. ఒక దాత కొన్నాడు, బ్రిటిష్ మ్యూజియం శుభ్రం చేసి 2012లో కాబూల్‌కి పంపింది. కొనకుండా ఉంటే ఈపాటికి ఎవరి నట్టింట్లో ఉండేవో!

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
అదే కాబూల్లో బాక్ట్రియా బంగారాన్ని (పాత సమాధుల్లో దొరికిన నగలు) ఉద్యోగులు బ్యాంకు ఖజానాలో దాచి, ప్రభుత్వాలు మారినా నోరు విప్పలేదు. 2003లో గానీ బయటపెట్టలేదు. 20,000 పైగా వస్తువులు, పైసా ఖర్చు లేకుండా దక్కాయి. ముందే దాచడం మీద పెట్టండి ఆ డబ్బు.

ముమ్మిడివరం అబ్బాయి:
కోటిపల్లి రేవు గారూ, ఒక్క మాట చెప్పండి. మీ స్వామి ఫొటో ఉందా? కొలతలు?

కోటిపల్లి రేవు:
లేవు. గుడి ఆస్తుల రిజిస్టర్లో పంచలోహ విగ్రహం అని, బరువు ఇంత అని ఉంది. అంతే.

ముమ్మిడివరం అబ్బాయి:
అంటే రేపు ఏ దేశపు వేలంలోనో కనపడినా మనదని చెప్పలేం. మా నాన్న గొలుసు లాగే.

యానాం:
తమిళనాడు శ్రీపురంతాన్ నటరాజు ఆస్ట్రేలియా నుంచి 2014లో ఎలా వచ్చాడు? పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు గుళ్ళు తిరిగి ఫొటోలు తీసి పెట్టుకున్నారు కాబట్టి. మన చందవరం బుద్ధ ఆరాధకుల పలక కూడా 2016లో అక్కడి నుంచే వచ్చింది. మన డెల్టాలో చిన్న గుళ్ళకి ఆ పని ఎవరూ చేయలేదు.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
చేద్దాం. టేపు, త్రాసు, కెమెరా నేను తెస్తాను. తీసినవన్నీ నెట్‌లో పెట్టాలి, ఎవరైనా సరిచూసుకునేట్టు.

కోటిపల్లి రేవు:
కెమెరా పట్టుకుని నేనూ వస్తాను. నెట్‌లో మాత్రం పెట్టనివ్వను. ఏ గుడిలో ఎంత బరువుంది, తాళం ఎలాంటిది అని దొంగకి మనమే చెప్పినట్టు అవుతుంది. ఒక కాపీ జిల్లా కార్యాలయంలో, ఒక కాపీ పూజారి ఇంట్లో.

శాసనాల మేష్టారు (ద్రాక్షారామం):
పూజారి ఇంట్లో పెట్టింది గోదారి వరదకు పోతుంది. తాళం ఎవరు రాయమన్నారు? విగ్రహం ముందూ వెనకా, పీఠం మీద గీతలు, కొలతలు చాలు. ఎవరికీ కనపడని ఫొటో లండన్‌లో వేలం వేసేవాణ్ణి ఎలా ఆపుతుందండీ?

గోదారి గట్టు:
మళ్ళీ మొదలు.

కోటిపల్లి రేవు:
ఊరు పేరు లేకుండా పెడతానంటే ఆలోచిస్తాను. డబ్బు విషయంలో మాత్రం నా మాట మారదు.