కాపరి సంఘస్థులతో ఎంత దగ్గరగా మెలగాలి?

సంఘ పెద్ద:
అందరికీ ప్రభువు నామములో వందనాలు. మా పెద్దల కూడికలో తేలని ప్రశ్న ఇది. కాపరి విశ్వాసుల ఇళ్లకు వెళ్తూ వారి కష్టసుఖాల్లో పాలుపంచుకోవాలని కొందరంటే, అంత చనువు పెరిగితే గద్దించవలసిన వేళ నోరు రాదని మరికొందరు అంటున్నారు. మీరేమంటారు?

వేదాంత విద్యార్థి:
నాది రెండో పక్షం. నిర్గమకాండము 18లో ఉదయం నుండి సాయంత్రం దాకా తీర్పులు తీరుస్తున్న మోషేను చూసి, ఇలాగైతే నువ్వూ ప్రజలూ నలిగిపోతారని అతని మామ యిత్రో హెచ్చరించాడు. అపొస్తలుల కార్యములు 6లోనూ అపొస్తలులు విధవరాండ్ర భోజన ఏర్పాట్లు ఏడుగురికి అప్పగించి, ప్రార్థనకూ వాక్యానికీ పరిమితమయ్యారు.

విశ్రాంత కాపరి:
మీరు చూపిన వచనాలే మీ వాదానికి ఎదురు నిలుస్తున్నాయి, సహోదరా. యిత్రో పదేసి మందికి కూడా ఒక అధిపతిని పెట్టమన్నాడంటే, ప్రజలకు నాయకుడు దూరం కాలేదు, ఇంకా దగ్గరయ్యాడు. ఇక ఆ ఏడుగురి సంగతి: నిర్లక్ష్యానికి గురైనది గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రు, ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. బాధ ఎవరిదో వారికి దగ్గరివాళ్లకే బాధ్యత దక్కిందని నేను అనుకుంటున్నాను. పౌలు థెస్సలొనీకయులకు సువార్తతో పాటు తన ప్రాణాన్నీ ఇవ్వ సిద్ధపడ్డానని రాసిన పత్రికలోనే, అక్రమంగా నడుచుకునేవారికి బుద్ధి చెప్పమనీ రాశాడు. చనువు ఆయన నోరు కట్టలేదు.

17వ శతాబ్దంలో ఇంగ్లండులోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్టర్ అనే కాపరి, సహాయకుడితో కలిసి వారానికి రెండు రోజులు కేటాయించి, 800కు పైగా ఉన్న కుటుంబాలతో ఒక్కొక్కటిగా మాట్లాడాడు. ఎనిమిది, పదేళ్లుగా తన ప్రసంగాలు విన్నవారిలోనే, క్రీస్తు దేవుడా మనిషా అన్నది తెలియనివారు ఆయనకు కనిపించారు. వేదిక మీద నుండి చూస్తే అది ఎన్నటికీ బయటపడేది కాదు.

సహోదరి:
అయ్యగారి మాట కాదనను గాని, దగ్గరితనం వల్ల జరిగే హాని విశ్వాసులకే బాగా తెలుసు. గురువారం ఒక ఇంట్లో కన్నీళ్లతో చెప్పుకున్న సంగతి, ఆదివారం ప్రసంగంలో "నాకు తెలిసిన ఒక కుటుంబం" అంటూ వినిపిస్తే, పేరు చెప్పకపోయినా అది ఎవరిదో సంఘమంతటికీ అర్థమవుతుంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు నోరు విప్పరు. పైగా కలిగినవాళ్ల ఇళ్లకే రాకపోకలు ఎక్కువైతే, బంగారు ఉంగరం వాడికి మంచి చోటు చూపినందుకు యాకోబు తన పత్రికలో మందలించిన తప్పే మళ్లీ జరుగుతుంది.

విశ్రాంత కాపరి:
అమ్మా, ఆ రెండూ నిజమే. నా దృష్టిలో మొదటిది మరీ ఘోరం: అనుమతి లేనిదే ఇంటి మాట ప్రసంగంలోకి రానే కూడదు. రెండోదానికి, ఆహ్వానాలను బట్టి కాక కుటుంబాల పట్టిక వరుసలో వెళ్లాలి. ఒంటరిగా కాక ఒక పెద్దను వెంటబెట్టుకోవాలి. పట్టిక కాపరి దగ్గర కాక పెద్దల దగ్గర ఉంటే, ఏ ఇల్లు తప్పిపోయిందో అడిగేవారుంటారు.

సంఘ పెద్ద:
పట్టిక విషయం కూడికలో పెడతాను. అయితే పెద్ద ఎదుట చెప్పుకోలేని సంగతి ఉన్న ఇంట్లో ఏం చేయాలన్నది ఇంకా మిగిలే ఉంది.