వీలునామా లేకుండా నాన్న పోయారు, నా వాటా అమ్మ పేరున పెట్టడం ఎలా?

నాన్న పోయి ఏడు నెలలైంది. తెనాలిలో ఆయన సొంత సంపాదనతో కొన్న ఇల్లు ఉంది, వీలునామా రాయలేదు. అమ్మ, నాయనమ్మ, అన్నయ్య, నేను ఉన్నాం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా అని తెలుసుకున్నాను. అన్నయ్యేమో "నీ పెళ్లికి కట్నం ఇచ్చాం కదా, సంతకం పెట్టు" అంటున్నాడు. కట్నం తీసుకుంటే వాటా పోతుందా?

నాకు డబ్బు అక్కర్లేదు. అమ్మను ఆ ఇంట్లోంచి ఎవరూ కదిలించకూడదు, అంతే. అందుకే నా వాటా అమ్మ పేరున రిజిస్టర్ చేయాలనుంది. హక్కు విడుదల దస్తావేజు రాయాలా, గిఫ్ట్ డీడా? దేనికి ఖర్చు తక్కువ?

నాయనమ్మకు 86 ఏళ్లు. ఆవిడ వాటా తర్వాత బాబాయికీ అత్తయ్యలకీ వెళ్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆవిడ కూడా ఇప్పుడే అమ్మకు రాసివ్వవచ్చా? ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి.